లాన్ గడ్డిలో తుంగ, గరిక, పులిచింత: ఏ కలుపుకు ఏ మందు?

ప్రశ్న: కడియం ప్రాంతంలో మాకు ఎకరం విస్తీర్ణంలో లాన్ గడ్డి సాగు ఉంది. అర ఎకరంలో మెక్సికన్ గడ్డిని, మిగిలిన అర ఎకరంలో బెర్ముడా రకాన్ని పెంచి, పలకలుగా కోసి అమ్ముతున్నాము. రెండేళ్లుగా రెండు మడుల్లోనూ తుంగ విపరీతంగా వస్తోంది. అక్కడక్కడా గడ్డి చామంతి, పులిచింత ఉన్నాయి. మెక్సికన్ మడిలోకి గరిక కూడా పాకుతోంది. నెలకు రెండుసార్లు కూలీలతో తీయిస్తున్నా ఆగడం లేదు. 2,4-డి కొడితే లాన్‌కు ఏమీ కాకుండా కలుపంతా పోతుందని మందుల దుకాణంలో చెప్పారు. కొట్టవచ్చా? మడి పక్కనే కవర్లలో పెంచుతున్న గులాబీ, చామంతి మొక్కలు ఉన్నాయి.
– ఒక రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీరు మందు కొట్టకముందే అడగడం చాలా మంచిదయింది. మీ ప్రధాన సమస్య తుంగ. 2,4-డి తుంగ ఆకులను కొంత మాడ్చగలదు గానీ భూమిలోని గడ్డలను చంపలేదు. పైగా మీ గులాబీలకు, చామంతులకు ఆ మందు వల్ల కలిగే నష్టం, లాన్‌లో మీకు కలిగే లాభం కంటే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల మీ పరిస్థితిలో 2,4-డి వాడవద్దని స్పష్టంగా చెబుతున్నాను.

ఎంపిక చేసి చంపే కలుపు మందు అంటే లాన్‌ను వదిలి మిగిలిన మొక్కలన్నింటినీ చంపే మందు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అటువంటి మందు లేదు. ప్రతి మందుకూ అది చంపగల మొక్కలు కొన్ని, తట్టుకోగల మొక్కలు కొన్ని ఉంటాయి. 2,4-డి మొక్కలోని పెరుగుదల హార్మోనును పోలి పనిచేస్తుంది కాబట్టి వెడల్పాటి ఆకులు గల మొక్కలు మెలి తిరిగి చనిపోతాయి, గడ్డి జాతి మొక్కలు చాలావరకు తట్టుకుంటాయి. గడ్డి జాతిలో కూడా అన్నీ ఒకే విధంగా తట్టుకోవు. మీ మెక్సికన్ గడ్డి, బెర్ముడా తగిన మోతాదులో 2,4-డిని భరిస్తాయి గానీ, బఫెలో గ్రాస్ పేరుతో అమ్మే వెడల్పాటి ఆకుల లాన్ గడ్డి దానివల్ల దెబ్బతింటుంది. అందుకే మందు పేరు అడిగే ముందు మన లాన్ గడ్డి ఏది, తీయవలసిన కలుపు ఏది అన్న రెండు విషయాలు తేల్చుకోవాలి.

తుంగ చూడడానికి గడ్డిలా ఉన్నా గడ్డి కాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు అంచులు చేతికి తగులుతాయి. దాని బలమంతా మట్టిలో గొలుసుకట్టుగా ఏర్పడే గడ్డల్లో ఉంటుంది. కూలీలు పైకి లాగినప్పుడు కాడ తెగి చేతికి వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. గొలుసు తెగితే అంతవరకు నిద్రావస్థలో ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. నెలకు రెండుసార్లు తీయించినా మీకు తుంగ పెరిగినట్టే కనిపించడానికి కారణం ఇదే. మీ కూలీల పనిలో లోపమేమీ లేదు.

తుంగకు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు సరైనది. ఇది ఆకుల ద్వారా లోపలికి వెళ్లి గడ్డల వరకు చేరుతుంది. బాగా నాటుకున్న మెక్సికన్ గడ్డి, బెర్ముడా రెండూ దీనిని తట్టుకుంటాయి. మన దగ్గర ఈ మందును ఎక్కువగా చెరకులో తుంగ నివారణకు ఎకరాకు 36 గ్రాముల చొప్పున వాడుతున్నారు, లాన్‌కు కూడా అదే మోతాదు సరిపోతుంది. అయితే మన దేశంలో ఇటువంటి మందుల ప్యాకెట్లపై పంటల పేర్లే ఉంటాయి, లాన్ పేరు సాధారణంగా ఉండదు. కాబట్టి ఎకరమంతా ఒకేసారి కొట్టకుండా ముందుగా చిన్న భాగంలో పరీక్షించి చూడడం తప్పనిసరి.

పరీక్షకు ఒక గ్రాము మందు చాలు. బంగారం తూచే చిన్న త్రాసు మీద కచ్చితంగా తూచి, 5.5 లీటర్ల నీటిలో కలిపి, అందులో 14 మి.లీ. సర్ఫక్టెంట్ (మందు ఆకులపై బాగా పరుచుకొని అంటుకునేలా చేసే ద్రవం) చేర్చండి. రెండు మడుల్లోనూ 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల భాగాన్ని గుర్తుపెట్టుకొని, ఒక్కో భాగంపై 2.75 లీటర్ల ద్రావణాన్ని సమానంగా పిచికారీ చేయండి. రెండు వారాల్లో తుంగ పసుపు రంగుకు తిరగాలి, లాన్ గడ్డి ఆకుపచ్చగానే ఉండాలి. లాన్ గడ్డి కూడా పాలిపోతే మిగిలిన భాగంలో కొట్టకుండా మమ్మల్ని సంప్రదించండి. బాగుంటే ఎకరానికి 36 గ్రాముల మందును ముందుగా చిన్న బకెట్‌లో కలిపి, ఆ తర్వాత 200 లీటర్ల నీటిలో పోసి, అర లీటరు సర్ఫక్టెంట్ చేర్చి, కలిపిన రోజే వాడేయండి.

పిచికారీ సమయానికి తుంగ మూడు నుంచి ఎనిమిది ఆకుల దశలో, ఏపుగా పెరుగుతూ ఉండాలి. ఎండకు వాడిన తుంగ మందును గడ్డలకు చేరవేయలేదు. మందు కొట్టడానికి రెండు రోజుల ముందు నుంచి, కొట్టిన తర్వాత రెండు రోజుల వరకు గడ్డిని కోయకూడదు. కోస్తే మందు పీల్చుకోవలసిన ఆకులను మనమే తీసివేసినట్టవుతుంది. పిచికారీ తర్వాత కనీసం నాలుగు గంటలు వాన పడకుండా, నీరు పెట్టకుండా చూసుకోండి. ఈ మందు నెమ్మదిగా పనిచేస్తుంది. పూర్తిగా ఎండిపోవడానికి మూడు, నాలుగు వారాలు పట్టవచ్చు. పది రోజులకే పనిచేయలేదనుకొని మళ్లీ కొట్టడం రైతులు తరచుగా చేసే పొరపాటు. నిద్రావస్థలో మిగిలిన గడ్డల నుంచి కొత్త మొక్కలు వస్తాయి గనుక ఆరు వారాల తర్వాత పరిశీలించి, తుంగ ఉన్న చోట్ల మాత్రమే రెండోసారి పిచికారీ చేయండి. ఒక్క ఏడాదిలో తుంగ పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను గానీ, వరుసగా రెండేళ్లు ఈ విధంగా చేస్తే గడ్డల నిల్వ బాగా తగ్గుతుంది.

గడ్డి చామంతి అక్కడక్కడా మాత్రమే ఉందన్నారు కాబట్టి దానిని వేరుతో సహా తవ్వించడమే మేలు. 2,4-డి దీనిపై పనిచేస్తుందన్నది నిజమే. పక్కన పూల మొక్కలు లేని రైతుకైతే నేనే సిఫారసు చేసేవాడిని. కానీ ఆ మందు గాలికి కొట్టుకుపోయి పడిన తుంపరలకే గులాబీ చిగుళ్లు మెలి తిరుగుతాయి. ఈస్టర్ రూపంలో ఉన్న 2,4-డి అయితే వేడికి ఆవిరై కూడా పక్క మొక్కలకు చేరుతుంది. ఒకసారి 2,4-డి వాడిన స్ప్రేయరును ఎంత కడిగినా పూల మొక్కలకు వాడకూడదని మా దగ్గరకు వచ్చే నర్సరీ రైతులందరికీ చెబుతాము. వరిలో 2,4-డి కొట్టిన స్ప్రేయరు మీ ఇంట్లో ఉంటే దానిని నర్సరీలోకి రానివ్వకండి.

పులిచింతకు కూడా మందు అవసరం లేదు. దాని కాయలు పండగానే చిట్లి విత్తనాలను దూరంగా చిమ్ముతాయి. కాబట్టి పూత దశలోనే తవ్వించాలి. ఇది గడ్డి పలచబడిన చోట, రోజూ కొద్దికొద్దిగా నీరు పెట్టే చోట ఎక్కువగా వస్తుంది. మడిని లోతుగా తడిపి, పైపొర ఆరిన తర్వాతే మళ్లీ నీరు పెట్టే పద్ధతికి మారండి. మెట్‌సల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందును ఇలాంటి వెడల్పాటి ఆకుల కలుపుపై వాడతారు గానీ, అది మట్టిలో నిలిచి ఉండి పూల మొక్కల వేర్లకు హాని చేయగలదు. మీ వంటి నర్సరీలో దాని జోలికి వెళ్లవద్దు.

మెక్సికన్ గడ్డిలోకి పాకుతున్న గరిక విషయంలో మీకు కష్టమైన మాటే చెప్పవలసి వస్తోంది. గడ్డిలో నుంచి గడ్డిని ఎంపిక చేసి తీయడం మందులతో అన్నింటికంటే కష్టమైన పని. గడ్డి జాతి కలుపును చంపే క్విజలోఫాప్ వంటి మందు మీ లాన్‌ను కూడా దెబ్బతీస్తుంది. గ్లైఫోసేట్ అన్నింటినీ చంపుతుంది, దాని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో చీడల నియంత్రణ ఆపరేటర్లకే పరిమితం చేసింది. గరిక ఉన్న భాగాన్ని గుర్తించి, పాకుడు తీగలతో, వేర్లతో సహా తవ్వి తీసి, కొత్త మట్టి నింపి మెక్సికన్ గడ్డిని మళ్లీ నాటడమే మార్గం. మీ బెర్ముడా కూడా గరిక జాతిదే కాబట్టి రెండు మడుల మధ్య అడుగు వెడల్పున కాలువ తీసి దానిని ఎప్పుడూ శుభ్రంగా ఉంచండి. ఆ కాలువ లేకపోతే తవ్విన శ్రమ ఏడాది తిరగకుండానే వృథా అవుతుంది.

విత్తనం నుంచి మొలిచే ఏక వార్షిక గడ్డి కలుపు కోసం తొలకరికి ముందు పెండిమిథాలిన్ వాడుతారని మీరు విని ఉంటారు. అది మొలకెత్తే విత్తనాలపైనే పనిచేస్తుంది, తుంగ గడ్డలను అదుపు చేయలేదు. పలకలు కోసిన తర్వాత మడి మళ్లీ అల్లుకునే దశలో దానిని వాడితే పాకే తీగలు కణుపుల దగ్గర వేరు పట్టడం ఆలస్యమవుతుంది. గడ్డి పూర్తిగా కమ్ముకున్న మడిలోనే వాడండి.

కోసిన గడ్డిని పశువులకు వేసే అలవాటు ఉంటే మందు కొట్టిన మడి నుంచి వేయవద్దు. మరొక ముఖ్యమైన మాట, తుంగ ఉన్న మడి నుంచి కోసిన పలకతో పాటు గడ్డలు కూడా కొనుగోలుదారు ఇంటికి చేరతాయి, అక్కడి నుంచి తీయడం వారికి మరింత కష్టం. రెండోసారి పిచికారీ ఫలితం చూసేవరకు ఆ మడిలో పలకలు కోయకండి. కోసే ముందు నాలుగైదు చోట్ల అర అడుగు లోతున మట్టి తవ్వి, గడ్డలు ఉన్నాయేమో చూడండి. దొరికిన గడ్డను గోరుతో గిల్లినప్పుడు లోపల తెల్లగా, గట్టిగా ఉంటే అది ఇంకా బతికే ఉందని అర్థం. అలాంటివి కనిపిస్తే, నాలుగు మొక్కలను మట్టితో సహా తడి గుడ్డలో చుట్టి వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి గానీ, మీకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకువెళ్లి చూపించండి.