టేబుల్‌లో అంకెలు చేత్తో కొట్టకండి

ఈ మధ్య ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు పంపే ప్రశ్నలు బాగా పెరిగాయి. అందరి టెన్షనూ ఒకటే. పేపర్ రాయడం అయిపోయింది, జర్నల్‌కు పంపేలోగా ఫైల్ సతాయిస్తోంది. మార్జిన్లు, ఫాంట్ల సంగతి ఎలాగైనా సరిచేసుకోవచ్చు. అంకెలు తారుమారయ్యేదీ, దాచాల్సిన పేర్లు బయటపడేదీ కూడా ఈ దశలోనే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

గణాంకాల సాఫ్ట్‌వేర్ స్టాటాలో వచ్చిన రిగ్రెషన్ (ఒక అంశం మీద మిగతా అంశాల ప్రభావం ఎంతో లెక్కగట్టే పద్ధతి) ఫలితాలను కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే గళ్లు చెదిరిపోతున్నాయి. విసుగొచ్చి అంకెలన్నీ నేనే టైప్ చేశాను. ఇప్పుడు గైడ్ ఒక వేరియబుల్ మార్చమన్నారు. ఏడు టేబుళ్లు మళ్లీ కొట్టాలా? (పరిశోధక విద్యార్థిని, వరంగల్)

కొట్టొద్దండీ. ఇకమీదట ఒక్క అంకె కూడా చేత్తో కొట్టొద్దు. స్టాటాలో ‘ఎస్ట్‌అవుట్’ అనే ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుంటే ‘ఎస్ట్‌టాబ్’ కమాండ్ వస్తుంది. మీ మోడళ్లన్నిటినీ ఒక టేబుల్‌గా పేర్చి, వర్డ్‌లో తెరుచుకునే ఆర్‌టీఎఫ్ ఫైల్‌గానో, లేటెక్ (ఈక్వేషన్లున్న పేపర్లు టైప్‌సెట్ చేసే వ్యవస్థ) ఫైల్‌గానో అదే రాసి పెడుతుంది. ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ‘మోడల్‌సమ్మరీ’ ఇదే పని చేస్తుంది, వర్డ్ ఫైల్ కూడా ఇస్తుంది. ఆ కమాండ్‌ను డు-ఫైల్ (స్టాటా కమాండ్లన్నీ వరసగా రాసుకునే ఫైల్) చివర రాసి పెట్టుకోండి. గైడ్ వేరియబుల్ మార్చమన్నా, జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రిఫరీ శాంపిల్ తగ్గించమన్నా ఫైల్ ఒకసారి రన్ చేస్తే ఏడు టేబుళ్లూ మారిపోతాయి. మొదటిసారి నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది. అంతకుమించి పట్టదు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2010లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే ఆర్థికశాస్త్ర జర్నల్ వార్షిక సమావేశ పత్రాల సంచికలో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పేపర్ ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. పొదుపు చర్యలు కావాలన్న నాయకులు ఎన్నో చోట్ల దీన్ని చూపించి వాదించారు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ ఎక్సెల్ షీట్ తెప్పించుకుని చూశాడు. సగటు తీసే ఫార్ములా 30వ వరస నుంచి 49 దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, దేశాలకు వెయిటేజీ ఇచ్చిన పద్ధతి ఇంకా పెద్ద తేడా తెచ్చాయని అతను, అతని ప్రొఫెసర్లు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ కలిసి చూపించారు. అన్నీ సరిచేస్తే సగటు 2.2 శాతం వచ్చింది. ఎక్సెల్ గడిలో దాగిన ఫార్ములా ఎవరికీ కనపడదు. డు-ఫైల్‌లో రాసిన లైన్ అయితే మీ గైడ్ చదవగలరు, ఆరు నెలల తర్వాత మీరూ చదువుకోగలరు.

టేబుల్ గురించే ఇంకొన్ని మాటలు. పంపే ముందు ఆ జర్నల్ సూచనలు ఒకసారి చదవండి. ఫలితం యాదృచ్ఛికం కాదని చూపడానికి అంకెల పక్కన మనం అలవాటుగా పెట్టే నక్షత్రాలను అమెరికన్ ఎకనమిక్ రివ్యూ వద్దంటుంది. గుణకం (ప్రభావం ఎంతో చెప్పే అంకె) కింద బ్రాకెట్లో స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) ఇవ్వమంటుంది. వేరియబుల్‌కు స్టాటాలో మీరు పెట్టుకున్న పొడి అక్షరాల పేరు టేబుల్‌లో అలాగే వదిలేయకండి. ‘కుటుంబ ఆదాయం (లాగ్)’ అని అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో లేబుల్ పెట్టండి. టేబుల్ కింద నోట్ ఒక్కటే చదివినా శాంపిల్ ఏది, స్టాండర్డ్ ఎర్రర్లను ఏ స్థాయిలో (గ్రామమా, జిల్లానా) క్లస్టర్ చేశారు, ఏ కంట్రోల్స్ (లెక్కలో కలుపుకున్న ఇతర అంశాలు) వాడారు అన్నది తెలిసిపోవాలి. చాలామంది రిఫరీలు ముందు టేబుళ్లే తిరగేస్తారు.

మన కంప్యూటర్లలో మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. విండోస్‌లో రీజియన్ ఇండియా అని ఉంటే ఎక్సెల్ కామాలు 1,00,000 అని పెడుతుంది. మన దేశంలో వెలువడే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి పంపితే ఫర్వాలేదు, అక్కడ లక్షలు, కోట్లు అందరికీ అలవాటే. బయటి జర్నల్ అయితే రీజియన్ సెట్టింగ్స్‌లో ‘అడిషనల్ సెట్టింగ్స్’లోకి వెళ్లి డిజిట్ గ్రూపింగ్ మార్చండి. లక్షలను వేలలోకో మిలియన్లలోకో మార్చి చూపించండి.

మొదటి పేజీలో నా పేరు, కాలేజీ పేరు తీసేసే పంపాను. అయినా ‘రచయిత వివరాలు ఉన్నాయి’ అని పేపర్ తిప్పి పంపారు. ఎక్కడున్నాయో అర్థం కావట్లేదు. (లెక్చరర్, గుంటూరు)

రచయిత ఎవరో రిఫరీకి తెలియకూడదని కొన్ని జర్నళ్లు పేర్లు పూర్తిగా తీసేయమంటాయి. మీవి పేజీలో లేకపోయినా ఫైల్ లోపల ఉండి ఉంటాయి. వర్డ్ ప్రతి ఫైల్‌కూ రచయిత పేరు అంటించి పెడుతుంది. ట్రాక్ ఛేంజెస్‌లో, కామెంట్లలో మీ పేరూ, సరిదిద్దినవాళ్ల పేర్లూ ఉంటాయి. ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. ఆ కాపీలో మార్పులన్నీ ఆమోదించి, కామెంట్లు తీసేయండి. తర్వాత ఫైల్ మెనూలో ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అని వెళ్లి వ్యక్తిగత సమాచారం తొలగించండి. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో ‘డాక్యుమెంట్ ప్రాపర్టీస్’ దగ్గర టిక్ తీసేయండి. తయారైన పీడీఎఫ్‌ను అక్రోబాట్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కితే రచయిత గడి ఖాళీగా ఉందో లేదో కనిపిస్తుంది. ఫైల్ పేరులో మీ ఇంటిపేరు ఉంటే అదీ మార్చండి. కృతజ్ఞతలు, నిధులిచ్చిన సంస్థ పేరు విడిగా టైటిల్ పేజీ ఫైల్‌లోకి వెళ్లాలి. ‘మా గత అధ్యయనంలో చూపినట్టు’ అని రాసిన చోట మీ పేరును వేరేవాళ్ల పేరులా, మూడో వ్యక్తిగా రాయాలి.

ఇదంతా పేర్లు దాచమని అడిగే జర్నళ్లకే. అమెరికన్ ఎకనమిక్ రివ్యూను నడిపే అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ తన జర్నళ్లలో ఈ పద్ధతిని 2011లోనే మానేసింది. అచ్చు కాకముందే బయటపెట్టే ముసాయిదాను, అంటే వర్కింగ్ పేపర్‌ను, నెట్‌లో వెతికితే రచయిత ఎవరో క్షణంలో తెలిసిపోతుండటమే కారణం.

మీరు అడగకపోయినా ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎక్సెల్‌లో గీసిన చార్ట్‌ను వర్డ్‌లో పేస్ట్ చేసేటప్పుడు ‘ఎంబెడ్ వర్క్‌బుక్’ ఎంచుకుంటే చార్ట్‌తో పాటు ఎక్సెల్ ఫైల్ మొత్తం లోపలికి వచ్చేస్తుంది. వర్డ్ ఫైల్ అందుకున్న ఎవరైనా చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎడిట్ డేటా’ నొక్కితే మిగతా షీట్లన్నీ తెరుచుకుంటాయి. ఆ వర్క్‌బుక్‌లో మీరు సర్వే చేసిన రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పుల వివరాలు ఉంటే అవన్నీ బయటికి పోయినట్టే. వాళ్లు మిమ్మల్ని నమ్మి చెప్పిన సంగతులవి. చార్ట్‌కు కావాల్సిన నాలుగు అంకెలతో వేరే ఎక్సెల్ ఫైల్ తయారుచేసి, అందులోంచే చార్ట్ గీయండి.

వర్డ్ మంచిదా, లేటెక్ మంచిదా? నా ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీయే. (ఎంఏ విద్యార్థి, అనంతపురం)

ఈక్వేషన్లు ఎక్కువుంటే లేటెక్, లేకపోతే వర్డ్. మీ కో-ఆథర్ ఏది వాడితే అది అన్నది ఇంకా మంచి సూత్రం. 4 జీబీ గురించి దిగులొద్దు, లేటెక్ రాసుకునే వెబ్‌సైట్ ఓవర్‌లీఫ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. చాలా జర్నళ్లు మొదటిసారి మామూలు పీడీఎఫ్ చాలంటాయి, తమ ఫార్మాట్‌లోకి మార్చమని అడిగేది పేపర్ ఒప్పుకున్నాకే. కాబట్టి మొదటి విడతలోనే టెంప్లేట్ కోసం వారం రోజులు పోగొట్టుకోకండి. ఆ సమయం అబ్‌స్ట్రాక్ట్ మీద పెట్టండి. అమెరికన్ ఎకనమిక్ రివ్యూ దానికి 100 పదాలే ఇస్తుంది. అంతలో ప్రశ్న, పద్ధతి, ఫలితం చెప్పాలంటే చాలాసార్లు తిరగరాయాల్సి వస్తుంది.

ఇదే ప్రశ్నతో పాటు, పాత థీసిస్‌లోని ఈక్వేషన్లు కొత్త వర్డ్‌లో ఎడిట్ కావడం లేదని ఒకరు రాశారు. అవి ఈక్వేషన్ ఎడిటర్ 3.0తో చేసినవి. భద్రతా లోపం వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని 2018 జనవరి అప్‌డేట్‌లో తీసేసింది. మ్యాథ్‌టైప్ అనే ఈక్వేషన్ల సాఫ్ట్‌వేర్ ఉంటే వాటిని తెరవొచ్చు. పది పదిహేను ఈక్వేషన్లే అయితే ఆల్ట్, = నొక్కి కొత్త ఎడిటర్‌లో మళ్లీ రాసుకోవడమే నయం.

మా సర్వే ప్రశ్నావళి తెలుగులో ఉంది. అనుబంధంగా పెడదామంటే ఓవర్‌లీఫ్‌లో తెలుగు రావట్లేదు. అను ఫాంట్‌లో ఉన్న ఫైల్ పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. (పరిశోధకుడు, హైదరాబాద్)

ఇందులో రెండు సమస్యలున్నాయి. అను పాత తరహా ఫాంట్, యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రమాణం) కాదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో మొత్తం చదివి చూసుకోవాలి. తర్వాత ఓవర్‌లీఫ్ మెనూలో కంపైలర్‌ను జీలేటెక్‌కు (XeLaTeX) మార్చండి. నోటో సెరిఫ్ తెలుగు ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్ట్‌లోకి అప్‌లోడ్ చేసి, ‘ఫాంట్‌స్పెక్’ ప్యాకేజీతో దాన్ని పిలిచేటప్పుడు స్క్రిప్ట్ తెలుగు అని తప్పకుండా చెప్పండి. అది చెప్పకపోతే ‘స్త్రీ’ లాంటి మాటలు ముక్కలైపోతాయి. ప్రతి ప్రశ్న కింద ఇంగ్లిష్ అనువాదం ఇవ్వండి. అసలు తెలుగు పాఠం ఉంచడం మాత్రం మానొద్దు. ‘కౌలు’ అని అడిగారా, ‘పాలు’ (పంటలో వాటా) అని అడిగారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుందని మన పల్లెల్లో పనిచేసిన పరిశోధకులకు తెలుసు.

పేపర్ ఒప్పుకున్నారు, కానీ డేటా, కోడ్ అప్‌లోడ్ చేయమంటున్నారు. కోడ్ నా కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా నడవడం లేదు. జిల్లాల డేటా కలిపిన చోట కూడా ఏదో తేడా ఉంది. (పోస్ట్ డాక్టోరల్ ఫెలో, విదేశంలో ఉంటున్న తెలుగువారు)

ముందుగా అభినందనలు. అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ 2018లో పేపర్ల డేటా, కోడ్ చూసే డేటా ఎడిటర్‌ను నియమించుకుంది. 2019 నుంచి పేపర్ అచ్చుకు వెళ్లేలోగా కోడ్‌ను పరిశీలిస్తోంది. చాలా జర్నళ్లు ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నాయి.

కోడ్ నడవకపోవడానికి మొదట అనుమానించాల్సింది ఫోల్డర్ దారిని. ‘సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు’ అని పూర్తి దారి రాసి ఉంటే వేరే కంప్యూటర్లో అది దొరకదు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను ఒకే చోట, మాస్టర్ ఫైల్ (మిగతా కోడ్ ఫైళ్లను వరసగా నడిపించేది) మొదట్లో చెప్పి, మిగతావన్నీ దాన్నుంచే మొదలయ్యేలా రాయండి. ముడి డేటా, తయారుచేసిన డేటా, కోడ్, ఫలితాలు విడి ఫోల్డర్లలో ఉండాలి. ముడి డేటాను తెరిచి సేవ్ చేసే అలవాటు అస్సలొద్దు. వాడిన ప్యాకేజీలు, వాటి వెర్షన్లు రీడ్‌మీ అనే సూచనల ఫైల్‌లో రాయండి. బూట్‌స్ట్రాప్ లాంటి యాదృచ్ఛిక ఎంపికలు ఉంటే ప్రతిసారీ అదే ఫలితం వచ్చేలా సీడ్ (ఆ ఎంపిక మొదలయ్యే సంఖ్య) ఇవ్వండి. అంతా అయ్యాక వేరేవాళ్ల కంప్యూటర్లో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపించండి.

జిల్లాల తేడా ఎక్కడొస్తుందో ఊహించగలను. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. మహబూబ్‌నగర్ అన్న పేరు రెండు ఫైళ్లలోనూ ఉంటుంది, కానీ 2011 జనగణనలోని మహబూబ్‌నగర్, ఇప్పటి మహబూబ్‌నగర్ ఒకటి కావు. పేరు కలిసింది కాబట్టి కంప్యూటర్ ఏ ఎర్రరూ చూపించదు, అంకె మాత్రం తప్పు. పేర్లతో కలపకుండా సెన్సస్ కోడ్‌తోనో, కేంద్రం నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌తోనో కలపండి. కోడ్ కలిసినా హద్దులు మారి ఉండొచ్చు, కాబట్టి కొత్త జిల్లాలను పాత హద్దుల్లోకి తిరిగి చేర్చిన పట్టికను కూడా జర్నల్‌కు ఇచ్చే ఫైళ్లలో పెట్టండి. ఒక పాత జిల్లాలోని మండలాలు రెండు మూడు కొత్త జిల్లాల్లోకి పోయిన చోట మండల స్థాయి నుంచి లెక్క కట్టాల్సిందే, దగ్గరి దారి లేదు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా) ఫైల్‌ను ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 01 అన్న కోడ్ 1 అయిపోతుంది. డేటా ట్యాబ్ నుంచి తెప్పించి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.

డేటా మీ సొంతం కాకపోతే అప్‌లోడ్ చేయకూడదు. సీఎంఐఈ (ఆర్థిక డేటా అమ్మే ప్రైవేటు సంస్థ) లాంటి సంస్థల నుంచి కొన్న డేటాను పంచే హక్కు మనకు ఉండదు. అలాంటప్పుడు దాన్ని ఎవరిని అడిగి, ఎలా తెచ్చుకోవాలో రీడ్‌మీలో రాసి, కోడ్ మాత్రం ఇస్తారు.

రిఫరెన్సులు సరిచేయడానికే రెండు రోజులు పడుతోంది. (లెక్చరర్, రాజమహేంద్రవరం)

రిఫరెన్సులు దాచి, పేపర్‌లో పేర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరో వాడండి, ఉచితం. జర్నల్ మారితే స్టైల్ మారిస్తే సరిపోతుంది. గూగుల్ స్కాలర్ నుంచి వచ్చిన వివరాలను నమ్మేయకుండా సంవత్సరం, పేజీలు చూసుకోండి. వర్కింగ్ పేపర్ తర్వాత జర్నల్‌లో అచ్చయి ఉంటే ఆ వివరాలే ఇవ్వాలి.

పేపర్ అప్‌లోడ్ చేసి మూడు నెలలైంది. కనీసం అందిందని కూడా మెయిల్ రాలేదు. ఎడిటర్‌కు రాయొచ్చా? (పరిశోధక విద్యార్థి, తిరుపతి)

రాసే ముందు పోర్టల్‌లోకి ఒకసారి లాగిన్ అవ్వండి. ఎడిటోరియల్ మేనేజర్ అనే వ్యవస్థను చాలా జర్నళ్లు వాడతాయి. అందులో ఫైళ్లు ఎక్కించాక అదొక పీడీఎఫ్ తయారుచేస్తుంది. దాన్ని మీరు తెరిచి చూసి, ‘అప్రూవ్’ నొక్కితేనే పేపర్ జర్నల్‌కు చేరుతుంది. నొక్కకపోతే ‘రచయిత ఆమోదం కోసం వేచి ఉన్నవి’ అన్న జాబితాలో అలాగే పడి ఉంటుంది. మీది అక్కడుంటే పీడీఎఫ్‌లో టేబుళ్లు విరగలేదని, చార్టులు, ఈక్వేషన్లు కనిపిస్తున్నాయని చూసుకుని అప్రూవ్ చేయండి. అక్కడ లేకుండా ‘ఎడిటర్ దగ్గర ఉంది’ అని కనిపిస్తే, పేపర్ టైటిల్, పంపిన తేదీ ఇచ్చి జర్నల్ ఆఫీసుకు రెండు వాక్యాల మెయిల్ రాయండి. మూడు నెలల తర్వాత అడగడంలో తప్పేమీ లేదు.