బోన్‌మ్యారో మార్పిడి తర్వాత ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నా కౌంట్ ఎందుకు పెరగడం లేదు?

మార్పిడి జరిగి పన్నెండో రోజని, రోజూ ఒక బ్యాగు ఎక్కిస్తున్నా మర్నాడు పొద్దునకి కౌంట్ మళ్ళీ 8,000 దగ్గరే ఉంటోందని రాశారు.

మర్నాటి కౌంట్ ఒక్కటే చూస్తే కారణం తేలదు. బ్యాగు అయిపోయిన 10 నిమిషాల నుంచి గంటలోపు ఒక శాంపిల్ తీయించమని అడగండి. చాలా వార్డుల్లో ఇది మానేస్తారు, అసలు చిక్కు అక్కడే.

గంటకు బాగా పెరిగి తెల్లారేసరికి పడిపోతుంటే, ప్లేట్‌లెట్లు ఒంట్లో ఖర్చైపోతున్నట్టు. ఈ రోగుల్లో ఎక్కువగా చూసేది ఇదే. జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్, రక్తస్రావం, పెరిగిన ప్లీహం, జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి ఒంటి మీద దాడి చేయడం), కాలేయంలో సన్న నాళాలు మూసుకుపోవడం, ఫంగస్‌కి వాడే యాంఫోటెరిసిన్ లాంటి మందులు కారణం కావచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్ దాతల్ని మార్చినా పెద్దగా ఒరిగేదేం ఉండదు, ఆ కారణానికి వైద్యం జరగాలి.

గంటకు కూడా పెరగకపోతే యాంటీబాడీలను అనుమానించాలి. పాత రక్తమార్పిడుల వల్ల, ఆడవాళ్ళలో గర్భాల వల్ల హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే, మనిషి మనిషికీ మారే గుర్తులు) యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. ఇవి ఎక్కించిన ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. ప్లీహం బాగా పెద్దదైనా ఇలాగే కనబడొచ్చు కాబట్టి ఒక్కసారికే నిర్ణయానికి రాకూడదు. లెక్క ఇలా వేస్తారు: పెరిగిన కౌంట్‌ను శరీర ఉపరితల వైశాల్యంతో గుణించి, బ్యాగులో ఎన్ని వందల బిలియన్ల ప్లేట్‌లెట్లు ఉన్నాయో దానితో భాగించాలి. 8,000 నుంచి 32,000కి పెరిగి, వైశాల్యం 1.6 చదరపు మీటర్లు, బ్యాగులో 3 వందల బిలియన్లు ఉంటే 12,800. ఇది మంచి ఫలితం. అదే 12,000 దగ్గర ఆగిపోతే సుమారు 2,100. గ్రూపు కలిసిన తాజా బ్యాగులతో వరసగా రెండుసార్లు ఈ లెక్క 5,000 దాటకపోతే హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. పాజిటివ్ వస్తే హెచ్‌ఎల్‌ఏ కలిసిన దాతవి గానీ, క్రాస్‌మ్యాచ్ చేసినవి (రోగి రక్తంతో కలిపి సరిపడతాయో లేదో ముందే చూసినవి) గానీ కావాలి. దొరికిన దాతనల్లా పిలిచి ఎక్కిస్తూ పోతే దాతల శ్రమ వృథా.

బ్యాగు సంగతి కూడా చూడాలి. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టకుండా 20–24 డిగ్రీల దగ్గర, కదిలే అరల మీద ఉంచుతారు. మామూలుగా గడువు 5 రోజులు, కానీ పాతబడేకొద్దీ పెరుగుదల తగ్గుతుంది. బ్యాగును వెలుతురుకు పట్టి మెల్లగా వంచితే లోపల పొగ తిరిగినట్టు మెరిసే సుడులు కనిపించాలి. సుడులు లేకుండా చదునుగా ఉంటే ఆ బ్యాగు నాణ్యతను అనుమానించాలి. గ్రూపు విషయంలో రోగిది, మజ్జ ఇచ్చినవారిది రెండూ చూడాలి. ల్యూకోసైట్లు (తెల్లరక్తకణాలు) వడకట్టి, రేడియేషన్ ఇచ్చిన బ్యాగే వాడాలి. రేడియేషన్ కౌంట్ పెంచడానికి కాదు, బ్యాగులో మిగిలిన దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) రోగి మీద దాడి చేయకుండా ఆపడానికి.

తలనొప్పి, చూపు మసకబారడం, నల్లటి విరేచనం, నోట్లో రక్తపు పొక్కులు కనబడితే మాత్రం కౌంట్ రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే డ్యూటీ డాక్టర్ను పిలవండి.