టెక్ సందేహాలు: సిగ్నల్ లేని పల్లెలో ఫోన్ దారి చూపుతుందా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. యార్క్‌షైర్ డేల్స్‌లోని కెల్డ్ అనే చిన్న పల్లెలో ఉండి, మ్యూకర్ దాకా నడవాలని ఉంది. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదట. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటే చాలా?

జవాబు: చాలదండీ. ఆఫ్‌లైన్‌లో గూగుల్ మ్యాప్స్ కారు దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. మీకు కావలసింది బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) వేసే ఎక్స్‌ప్లోరర్ పటం, నంబర్ ఓఎల్ 30. స్కేలు 1:25,000, అంటే పటంలో 4 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. నడిచే హక్కున్న బాటలు ఆకుపచ్చ గీతల్లో ఉంటాయి. పొలాల రాతి గోడలూ కనిపిస్తాయి కాబట్టి బాట గోడకు ఏ పక్కన ఉందో తెలుస్తుంది. కెల్డ్ దగ్గర ఇది చాలా అవసరం. అక్కడ పెన్నైన్ వే, కోస్ట్ టు కోస్ట్ అనే రెండు దూరపు నడక బాటలు కలుస్తాయి. పెన్నైన్ వే బోర్డులు పట్టుకుని దక్షిణానికి నడిస్తే మ్యూకర్ బదులు థ్వైట్ అనే వేరే పల్లెలో తేలతారు.

కాగితం పటం కొంటే దాంతోపాటు మొబైల్ డౌన్‌లోడ్ కోడ్ వస్తుంది. లీడ్స్‌లో వైఫై ఉండగానే ఓఎస్ మ్యాప్స్ యాప్‌లో పటం దించుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి కెల్డ్ దగ్గర బాగా జూమ్ చేయండి. గోడల గీతలు స్పష్టంగా రాకపోతే డౌన్‌లోడ్ పూర్తి కానట్టే. ఈ పరీక్ష తప్పక చేయండి.

జీపీఎస్‌కు ఉపగ్రహాలు చాలు. అయితే నెట్ లేనప్పుడు మొదటిసారి మీరున్న చోటు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆకాశం బాగా కనిపించే చోట ఆగండి. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోన్ బ్యాటరీని తాగేస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే నడవండి, జీపీఎస్ పనిచేస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది, ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కు అందేది 6,000 పైచిలుకే. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్ పిన్నులే వేరు. జి టైప్ అడాప్టర్ చాలు.

ఆపదలో 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరేది అందితే కాల్ దాని మీద వెళ్తుంది. కాల్ నిలవని చోట ఎస్ఎంఎస్ వెళ్లవచ్చు, కానీ దానికి ముందే 999కి ‘రిజిస్టర్’ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపి, వచ్చిన జవాబుకు ‘యెస్’ (YES) అని పంపి నమోదు కావాలి. ఇది అక్కడి సిమ్‌కే. డేటా మాత్రమే ఇచ్చే ఈ-సిమ్‌తో కుదరదు కాబట్టి అమ్మాయి ఫోన్‌లో చేయించండి. మీరెక్కడున్నారో చెప్పడానికి ఓఎస్ లొకేట్ యాప్ నెట్ లేకుండానే గ్రిడ్ రిఫరెన్స్, అంటే పటం గడుల్లో మీ చోటును తెలిపే కోడ్ ఇస్తుంది. రెండు అక్షరాలు, ఆరంకెలు చెబితే మిమ్మల్ని 100 మీటర్ల గడిలో వెతుకుతారు.

వానలో తడిసిన స్క్రీన్ వేలికి సరిగా పలకదు. కాగితం పటాన్ని గదిలో వదిలేయకండి, జిప్ కవర్‌లో పెట్టి వెంట తీసుకెళ్లండి.