క్యాడ్/క్యామ్ నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

మెకానికల్ రెండో సంవత్సరంలో క్యాడ్/క్యామ్ సబ్జెక్ట్ (కంప్యూటర్‌లో పార్టు గీయడం క్యాడ్, దాన్ని మెషీన్ మీద కోయడానికి ప్రోగ్రామ్ తీయడం క్యామ్) మొదలైందనీ, ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, క్యాటియాల్లో ఏది నేర్చుకుంటే మంచిదనీ అడిగారు. నేను మొదటి రెండూ కాలేజీలో నేర్చుకున్నాను, మూడోది ఉద్యోగంలో చేరాక రెండు వారాల్లో చేతికి అలవాటైంది. కాబట్టి ఏదైనా ఫరవాలేదు. అయితే మీరు అడగని సంగతి ఒకటుంది. అది నాకు మొదటి సెమిస్టర్‌లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నా వంతుకి ఒక అల్యూమినియం హౌసింగ్ వచ్చింది. 120 బై 80 బై 30 మిల్లీమీటర్ల బ్లాక్, మధ్యలో 20 మిల్లీమీటర్ల లోతు పాకెట్ (తవ్విన గుంట), అందులో ఒక ప్లేట్ కూర్చోవాలి, అడుగున 608 బేరింగ్ కోసం 22 మిల్లీమీటర్ల బోర్ (గుండ్రటి రంధ్రం). చాలా శ్రద్ధగా చేశాను, స్కెచ్‌లో ప్రతి గీతా నీలం నుంచి నలుపుకి మారేదాకా, అంటే కొలతలన్నీ పూర్తిగా బిగిసేదాకా వదల్లేదు. ఒకటికి ఒకటి స్కేల్‌లో ప్రింట్ తీసుకుని వర్క్‌షాప్‌కి వెళ్లాను. అక్కడ సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ (ప్రోగ్రామ్ ప్రకారం తనే లోహాన్ని కోసేది) చూసుకునే సార్ ఆ కాగితాన్ని టేబుల్ మీద పరిచి, కాసేపు చూసి, డ్రాయర్‌లోంచి 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్, అంటే కోసే కట్టర్, తీసి సరిగ్గా పాకెట్ మూల మీద నిలబెట్టారు.

"ఏమ్మా, ఈ మూలలోకి ఇది ఎలా వెళ్తుందో చూపించు."

నేను గీసిన మూల నిక్కచ్చిగా 90 డిగ్రీలు. ఆయన చేతిలో ఉన్నది గుండ్రంగా తిరిగే కట్టర్. మూడేళ్లుగా రోజూ పాకెట్లు గీస్తున్నాను కానీ ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. "చిన్న కట్టర్ పెట్టొచ్చు కదా సార్" అన్నాను. ఆయన 3 మిల్లీమీటర్లది తీసి నా అరచేతిలో పెట్టారు. దాని కోసే భాగం పాకెట్ లోతులో సగం కూడా లేదు. పొడవు కట్టర్ తెచ్చి దింపినా వంగుతుంది, లేదా విరుగుతుంది, విరక్కపోయినా మూలలో ఒకటిన్నర మిల్లీమీటర్ల రేడియస్, అంటే అంత గుండ్రం, మిగిలే ఉంటుంది అన్నారు.

వెళ్లి 5 రేడియస్ పెట్టి తెచ్చాను. మళ్లీ వెనక్కి పంపారు. 10 కట్టర్‌కి సరిగ్గా 5 ఇస్తే మూలకి రాగానే అది ఆగి దిశ మార్చుకోవాలి, ఆ క్షణంలో ఎక్కువ మెటల్ తగిలి చాటర్ (కట్టర్ అదురు) వస్తుంది, మూలలో గీరినట్టు మచ్చలు పడతాయి, 6 ఇస్తే తిరుగుతూ సాఫీగా వెళ్లిపోతుంది అన్నారు. సరే, 6 పెట్టాను. ఈసారి పార్టులన్నీ కలిపిన అసెంబ్లీ తెరిచి, ఒకదానిలోకి ఒకటి దూరుతున్నాయేమో చూసే ఇంటర్‌ఫియరెన్స్ చెక్ చేస్తే నాలుగు మూలలూ ఎర్రగా వచ్చాయి, ఎందుకంటే లోపల కూర్చోవాల్సిన ప్లేట్ మూలలు ఇంకా 90 డిగ్రీల్లోనే ఉన్నాయి. వాటిని 7 రేడియస్‌కి మార్చాను. ఒక మూల వల్ల రెండు పార్టులు మారాయి.

బేరింగ్ బోర్ దగ్గర ఇంకో ప్రశ్న. "22 అని రాశావు, 22 అంటే ఎంత?" నాకు అర్థం కాలేదు. మెషీన్‌కి ఒట్టి 22 అంటూ ఏదీ ఉండదు, ఎంతవరకు ఎక్కువైతే ఒప్పుకుంటావో, ఎంత తక్కువైతే ఒప్పుకోవో చెప్పాలి. ఆ హద్దుని (టాలరెన్స్) చెప్పే గుర్తుల్లో ఒకటైన హెచ్7 అని రాస్తే 22.000 నుంచి 22.021 వరకు, అంతే. ఈ ఫిట్స్, టాలరెన్సుల టేబుల్స్ మేము ఇంకో సబ్జెక్టులో బట్టీపట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాం, కానీ అవి ఈ డ్రాయింగ్‌లో రాయడానికే ఉన్నాయని ఆ రెండు సబ్జెక్టులనూ కలిపి చెప్పినవాళ్లు లేరు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

మా ల్యాబ్ పరీక్ష ఎలా ఉండేదంటే, కొలతలున్న బొమ్మ ఒకటి ఇచ్చి మూడు గంటల్లో అలాగే గీయమనేవారు, బోర్డర్‌కీ టైటిల్ బ్లాక్‌కీ విడిగా మార్కులు. క్యామ్ సగం ఇంకా అన్యాయం. సిమ్యులేషన్‌లో కట్టర్ కదిలితే చాలు, వచ్చిన జీ-కోడ్ (మెషీన్‌కి కదలికలు చెప్పే ఆదేశాలు) పేజీలు పేజీలు ప్రింట్ తీసి రికార్డ్‌లో అతికించేవాళ్లం. అందులో జీ54 అంటే మెషీన్ బెడ్ మీద జాబ్ సున్నా ఎక్కడుందో చెప్పే మాట అని నాకు తెలిసింది వైస్‌లో (జాబ్‌ని పట్టి ఉంచే బిగింపులో) బ్లాక్ బిగించి, దాని అంచు ఎక్కడుందో పట్టే ఎడ్జ్ ఫైండర్‌ని నా చేత్తో ఆనించి చూసిన రోజున. జీ00కీ జీ01కీ తేడా కూడా అంతే. రెండోది కోసే కదలిక, మొదటిది కోతకి కాదు, మెషీన్ పూర్తి వేగంతో వచ్చేస్తుంది, దాని దారిలో క్లాంప్ ఉంటే కట్టర్ పోతుంది, ఒక్కోసారి కట్టర్‌ని తిప్పే స్పిండిల్‌కీ దెబ్బే. నా ప్రోగ్రామ్‌ని సార్ ముందు జాబ్‌కి 50 మిల్లీమీటర్ల పైన గాలిలో నడిపించారు, సింగిల్ బ్లాక్‌లో, ఒక్కో లైన్‌కీ నన్నే బటన్ నొక్కమని. ఆ ఇరవై నిమిషాల టెన్షన్‌లో నేర్చుకున్నంత ఆ సెమిస్టర్ మొత్తంలో నేర్చుకోలేదు.

నన్నడిగితే మొదటి నెల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టనే కూడదు. వెర్నియర్ ఇచ్చి, ఒక పార్ట్ చేతికిచ్చి, ఇది ఏ వరసలో కోసి ఉంటారో రాయమనాలి. మెరిసే రెండరింగ్‌లు పెట్టి పొగడ్తలు తెచ్చుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ పార్టుల్లో సగం వైస్‌లో పట్టుకోవడానికే చోటుండదు.

సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తే, 1963లో ఐవన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్‌లోనే లైట్ పెన్‌తో స్క్రీన్ మీద గీత గీసి, ఈ రెండూ సమాంతరంగా ఉండాలి అని షరతు పెట్టే పద్ధతి ఉంది. 1988లో వచ్చిన ప్రో/ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఆలోచనని మొత్తం త్రీడీ మోడల్‌కి తెచ్చింది. ఇప్పుడు సాలిడ్‌వర్క్స్ అయినా క్యాటియా అయినా స్కెచ్, షరతులు, ఫీచర్లు (పాకెట్, బోర్ లాంటివి), ఆ ఫీచర్ల వరస, ఇదే దారి. ఒకటి బాగా వస్తే రెండోదానిలో మెనూలు వెతుక్కోవడమే మిగిలేది. ఆటోక్యాడ్‌ని టూడీ డ్రాయింగ్ కోసం పక్కన ఉంచుకోండి. ఇంట్లో లైసెన్స్ లేకపోతే ఫ్రీక్యాడ్ ఉచితం, అందులో టూల్‌పాత్ (కట్టర్ నడిచే దారి) తీసే క్యామ్ భాగం కూడా ఉంది.

మీ ల్యాబ్‌లో ఏది ఉంటే అది తెరవండి. తెరిచే ముందు మాత్రం వర్క్‌షాప్‌కి వెళ్లి, అక్కడ ఏ సైజు ఎండ్ మిల్స్ ఉన్నాయో, ఒక్కోదాని కోసే భాగం ఎంత పొడవో ఒక కాగితం మీద రాసుకు రండి.