తడి నేలపై జారిపడినప్పుడు పరిహారం కోరడం గురించి

దుకాణంలో తడి నేలపై జారి మీ అమ్మగారి మణికట్టు విరిగిందని, యాజమాన్యం ఇచ్చిన కాగితంపై సంతకం చేయవచ్చా అని అడిగారు. దయచేసి ఇప్పుడే చేయించకండి. వారిచ్చేదాన్ని పూర్తి పరిష్కారంగా ఒకసారి అంగీకరిస్తే, తరువాతి చికిత్సకు మళ్లీ అడగడం సాధారణంగా సాధ్యపడదు. పడిపోవడం ఒక్కటే పరిహారానికి చాలదు: నేల తడిగా ఉందని వారికి తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండి కూడా, తుడవకుండా, హెచ్చరిక బోర్డు పెట్టకుండా వదిలేశారని, ఆ నిర్లక్ష్యం వల్లనే గాయమైందని చూపాలి. సీసీటీవీ దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోవచ్చు కనుక వాటిని భద్రపరచమని ఈరోజే లిఖితపూర్వకంగా కోరండి. చెప్పులు అరిగిపోయాయనే వాదన రావచ్చు, అందుకని ఆమె ఆ రోజు వేసుకున్నవాటిని దాచి ఉంచండి. వైద్య నివేదికలు, రసీదులతో, దావా వేసే గడువు దాటకముందే న్యాయవాదిని కలవండి. ఆమె మళ్లీ జారిపడకుండా, ఇంట్లో స్నానాలగదిలో జారని చాప, పట్టుకునే కడ్డీ కూడా వెంటనే అమర్చండి. ఒక చేయి కట్టులో ఉన్నప్పుడు తూలితే ఆపుకోవడం చాలా కష్టం.