రాబోయే సొమ్ము మీద మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయనకు 34 ఏళ్లు. బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఒక విమాన సంస్థకు పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో లోడర్. నెలకు 24 వేలు వచ్చేవి. 2025 జూలైలో సామాను ఎక్కించే బెల్టులో కుడిచెయ్యి ఇరుక్కుని చూపుడు వేలు, మధ్యవేలు మొత్తం పోయాయి. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఆసుపత్రికి కంపెనీ 40 వేలు కట్టి ఆపేసింది. జీతం రావడం లేదు. ఆరు నెలలుగా తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి రెండున్నర లక్షలు తెచ్చి నెట్టుకొస్తున్నాం. లక్షన్నర ఇస్తాం, సంతకం పెట్టండని కంపెనీవాళ్లు అంటున్నారు. కేసు వేస్తే 18 లక్షలు వస్తాయని ఒకరు చెప్పారు. పోయినేడాది మా దగ్గరున్న 2 లక్షలు ఒక ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాం. ఉగాదిలోపు మిగతా 2 లక్షలు కట్టకపోతే అడ్వాన్స్ పోతుందంటున్నారు. ఎలాగూ 18 లక్షలు వస్తాయి కాబట్టి అదే మనిషి దగ్గర ఇంకో 2 లక్షలు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా? నేను టైలరింగ్ చేస్తాను, నెలకు 6 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 18,500. ఆరు తులాల బంగారం ఉంది.

జవాబు: వద్దమ్మా. ఆ 2 లక్షలు తేవద్దు. మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఈ తప్పు మీ ఒక్కరిదే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ని కాదు. కర్నూలు, కడప వైపు నుంచి నా దగ్గరకు వచ్చేవాళ్లలో యాక్సిడెంట్ కేసు నడుస్తున్న ఇళ్లన్నిట్లోనూ ఇదే జరుగుతోంది. కేసు సొమ్ము ఇంకా రాకముందే, అది వచ్చేసినట్టు లెక్కేసుకుని అప్పు చేస్తారు.

ముందు ఆ 18 లక్షల సంగతి చూద్దాం. ఆ అంకె చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారు. పనిలో జరిగే ప్రమాదాలకు ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఉంది. దాని ప్రకారం మనిషి పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఆ చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 34 ఏళ్లకు ఆ అంకె 199.40. జీతం ఎంతైనా లెక్కలోకి తీసుకునేది 15 వేలే, 2020 జనవరి నుంచి పరిమితి అది. 15 వేలలో 60 శాతం 9 వేలు. దాన్ని 199.40తో గుణిస్తే 17,94,600. మీరు విన్న 18 లక్షలు ఇదే. కానీ ఇది నూటికి నూరు శాతం నష్టానికి. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం నష్టమని చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. అప్పుడు వచ్చేది 3,58,920 రూపాయలు.

కుడిచేతి పట్టు పోయాక లోడర్ పని చేయలేడు కాబట్టి నష్టం ఇంకా ఎక్కువని వాదించే అవకాశం ఉంది. ఎడమచెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగికి నూరు శాతం నష్టం కిందే కట్టాలని 1975లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీరూ అడగండి, డాక్టరు చేత రాయించుకోండి, గట్టిగా పోరాడండి. కానీ ఇంటి లెక్క మాత్రం 3,58,920 మీదే వేసుకోండి. పైన వచ్చేది వచ్చాక చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ అప్పు పక్కన పెట్టి చూడండి. రెండున్నర లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 7,500. చెయ్యి మానేదాకా పని చేయలేని రోజులకు చట్టం ఇప్పించేది పదిహేను రోజులకు 3,750, అంటే నెలకు 7,500. రెండూ ఒకటే! కంపెనీ అది కట్టి ఉన్నా రూపాయి మిగలకుండా వడ్డీకే పోయేది. మీకైతే అదీ ఇవ్వలేదు, కాబట్టి ఈ ఆరు నెలల బకాయి కూడా క్లెయిములో అడగాలి. నెల దాటినా కట్టనందుకు కంపెనీ మీద పడేది ఏడాదికి 12 శాతం, అంటే రూపాయి వడ్డీ. చట్టం మీకిప్పించేది రూపాయి వడ్డీ, మీరు కట్టేది మూడు రూపాయలు. కేసు ఎంత ఆలస్యమైతే మీరు అంత మునుగుతారు.

మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నేను చూసినవాటిలో ఒక్కటీ అలా తేలలేదు. రెండేళ్లు పట్టిందనుకుందాం. ఇప్పుడున్న అప్పు మాత్రమే అయితే అసలు, వడ్డీ కలిపి 4,30,000. మీకొచ్చే 3,58,920కి రెండేళ్ల వడ్డీ కలిపినా సుమారు 4,45,000 అవుతుంది, అంతే. ఇంకో 2 లక్షలు తెస్తే కట్టాల్సింది 7,74,000. మీ ఆయన వేళ్లు పోయినందుకు వచ్చే సొమ్మంతా అప్పిచ్చినాయన చేతిలో పోసి, పైన మూడు లక్షలు మళ్లీ ఎక్కడ తెస్తారు? దయచేసి ఆయన గడప ఇంకోసారి తొక్కకండి.

నేను ఎవరొచ్చినా అడిగే మొదటి మాట ఒకటే. అత్యవసర నిధి ఎక్కడ? మీ దగ్గర అది ఉండింది. ఆ 2 లక్షలే అది. దాన్ని ప్లాటు అడ్వాన్సుగా ఇచ్చేశారు. ఇంటికి నెలకు 18,500 చొప్పున ఆరు నెలలకు 1,11,000. మీ కుట్టుపని ఆదాయం తీసేస్తే 75 వేలు. ఆసుపత్రికి కట్టిన మీ వాటా పోయినా, ఆ డబ్బు బ్యాంకులో ఉండి ఉంటే రెండున్నర లక్షల అప్పు అవసరమే వచ్చేది కాదు. మిమ్మల్ని నొప్పించాలని కాదు, ఇది చదివేవాళ్లలో ఇవాళే అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు ఉంటారని చెబుతున్నాను. మనవైపు చేతిలో లక్ష ఆడితే చాలు, ఎక్కడో ఒక సెంటు భూమి వెతుకుతాం. భూమి మంచిదే. కానీ అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్లో ప్లాటు అగ్రిమెంటు చూపిస్తే అడ్మిట్ చేసుకోరు.

ఎయిర్‌పోర్టు ఉద్యోగమంటే ఇంకో భ్రమ ఉంది. యూనిఫాం, మెడలో పాసు, పెద్ద కంపెనీ, ఏమైనా అయితే వాళ్లే చూసుకుంటారని. ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలయ్యాక మా కర్నూలు పిల్లలూ ఈ ఉద్యోగాల వైపు చూస్తున్నారు. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది కూడా ఈ నష్టపరిహార చట్టం కిందికే వస్తారు, లోడర్లూ వస్తారు. కానీ చట్టం ఉండడం వేరు, నెలాఖరుకు డబ్బు చేతిలో ఉండడం వేరు. బరువులెత్తే పనివాళ్ల ఇంట్లో ఆరు నెలల ఖర్చు కూడా చాలదంటాను నేను, తొమ్మిది నెలలది ఉండాలి. మీ ఇంటికి అది 1,66,500.

ఇక సంతకం. పెట్టకండి. లక్షన్నర తీసుకుని హక్కులన్నీ వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితం చట్టం ముందు చెల్లదు. రాజీ అయినా సరే, కార్మిక శాఖలో ఈ కేసులు తేల్చే కమిషనర్ దగ్గర నమోదు కావాలి. కానీ చెల్లని కాగితాన్ని చెల్లదని తేల్చడానికే మీకు ఏడాది పోతుంది, అందుకే అసలు పెట్టొద్దు. ఆసుపత్రి ఖర్చు పరిహారానికి అదనం. అయినంత మొత్తం కంపెనీ భరించాలి, వాళ్లు కట్టిన 40 వేలను పరిహారంలోంచి కోయడానికి లేదు. ప్రతి బిల్లు ఒరిజినల్ దాచండి.

కాంట్రాక్టు కంపెనీ ఒక్కదాని మీదే వెయ్యకండి. సామాను ఎక్కించడం విమాన సంస్థ సొంత వ్యాపారంలో భాగం కాబట్టి అసలు యజమానిగా ఆ సంస్థ కూడా బాధ్యత పడుతుంది, రెండు పేర్లూ రాయండి. ప్రమాదం బెంగళూరులో జరిగినా మీరు ఉండే అనంతపురంలోనే కార్మిక శాఖలో కమిషనర్ దగ్గర వేసుకోవచ్చు. బస్సు ఛార్జీలకు కూడా అప్పు చేసే పరిస్థితిలో ఇది చిన్న విషయం కాదు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చింది, కానీ మీ ప్రమాదం జూలైలో జరిగింది కాబట్టి పాత చట్టం లెక్కే. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. అంతదాకా ఆగకండి, ఈ నెలలోనే వేయండి. ఆ రోజు షిఫ్టు రోస్టర్, ఎయిర్‌పోర్టు మెడికల్ రూములో రాసిన చీటీ, ఎంట్రీ పాసు జిరాక్స్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ సిద్ధం చేసుకోండి. పాసు వెనక్కి ఇచ్చేయమంటారు, ముందే జిరాక్స్ తీయండి.

ఒక్క విషయం ఇవాళే చూడండి. పే స్లిప్పులో ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా కోత ఉందా? ఆ 24 వేలలో ఓవర్‌టైమ్ కలిసి ఉండి, అది తీసేస్తే జీతం 21 వేల లోపు అయితే ఆయన ఈఎస్ఐలో ఉండాల్సినవారు. అప్పుడు పై లెక్కంతా మారిపోతుంది. పరిహారం కంపెనీ నుంచి కాదు, ఈఎస్ఐ నుంచి వస్తుంది, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం ఇస్తారు, ఆపరేషన్ ఖర్చూ వాళ్లదే.

మిగతావి క్లుప్తంగా. పీఎఫ్‌లో ఉన్నదాంట్లోంచి వైద్యానికి అడ్వాన్స్ తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. సదరం పింఛను మీద ఆశ పెట్టుకోకండి, దానికి 40 శాతం వైకల్యం ఉండాలి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నా రెండు వేళ్లకు రాదు, చెయ్యి మొత్తం పనికిరాకుండా పోతేనే లక్ష ఇస్తారు. అయినా ఇద్దరి పేరా కట్టండి. ప్లాటు ఓనరుతో మాట్లాడి గడువు కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే అగ్రిమెంటు ఇంకొకరికి మార్చి అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకోండి, పదో ఇరవయ్యో వేలు పోయినా పర్లేదు. అలా వచ్చిన డబ్బు బ్యాంకులో మీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి, చీటీలో మాత్రం వెయ్యకండి. అదే మీ అత్యవసర నిధి.

ఆ మూడు రూపాయల అప్పు మాత్రం ఈ వారమే తీరాలి. బంగారంలో కొంత తీసుకెళ్లి ప్రభుత్వ బ్యాంకులో పెట్టండి, రూపాయి లోపు వడ్డీకే రెండున్నర లక్షలు వస్తాయి. నెలకు 7,500 కట్టే చోట సుమారు 2,100 అవుతుంది. నగలు తాకట్టు పెట్టడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ మూడు రూపాయల వడ్డీ ఇలాగే నడిస్తే ఆ నగలు అమ్మాల్సే వస్తుంది. పరిహారం రాగానే తనకే ఇవ్వాలని అప్పిచ్చినాయన రాయించుకుని ఉంటే భయపడకండి, ఆ సొమ్మును ఇంకొకరికి రాసివ్వడానికీ, జప్తు చేయడానికీ చట్టం ఒప్పుకోదు. అయితే మీరు సంతకం చేసిన ప్రోనోటు మాత్రం అలాగే ఉంటుంది. అసలు కట్టిన రోజే, డబ్బు లెక్కపెట్టిన చోటే, ఆ ప్రోనోటు చేతికి తీసుకోండి. రేపు ఇస్తానంటే డబ్బు కూడా రేపే ఇవ్వండి.