ఇంట్లో పెంచే తాబేలు డిప్ప మెత్తబడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. వరి, మినుము వేస్తాం. రెండు గేదెలున్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా అల్లుడు పోయిన ఏడాది ఉద్యోగానికి దుబాయ్ వెళ్తూ, తాను పెంచుకుంటున్న తాబేలును మా ఇంట్లో దిగబెట్టి వెళ్లాడు. దానికి మూడేళ్లు. జానెడు పొడవుంది, కిలోన్నర తూగుతుంది. వంటింటి పక్క గదిలో టైల్స్ మీద తిరుగుతుంది. అన్నం, టమాటా, అరటిపండు, పాలకూర పెడుతున్నాం. ఈ మధ్య డిప్ప మీద పలకలు చిన్న చిన్న గోపురాల్లా లేచాయి. అంచు వేలితో నొక్కితే లోపలికి పోతోంది. పలకల మధ్య తెల్లగీతలు కూడా వచ్చాయి. మా అమ్మ కూర్మనాథుడి రూపమని ప్రతి శనివారం డిప్పకు కొబ్బరినూనె రాసి బొట్టు పెడుతుంది. గేదెలకు వాడే కాల్షియం టానిక్కు, నట్టల మందు దీనికి కూడా వేయవచ్చా? ఫోటోలు పంపుతున్నాను.

సమాధానం: ముందు నట్టల మందు సంగతి చెప్తాను, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. గేదెకు, మేకకు, కుక్కకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. సూదిగా గానీ, నోటి ద్వారా గానీ, ఒంటి మీద పోసిగానీ వేయకూడదు. కాళ్లు చచ్చుబడతాయి, ఊపిరి ఆగిపోతుంది, దానికి విరుగుడు మందు లేదు. పశువుల పాకలో ఆ సీసా ఉంటే ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పి ఉంచండి. తాబేలు కడుపులో పురుగులున్నాయో లేదో పేడ పరీక్ష చేయించి, ఉంటేనే, డాక్టరు బరువు చూసి చెప్పిన వేరే మందు వేయాలి. కాల్షియం టానిక్కు కూడా వద్దు. వందల కిలోల పశువు కోసం తయారైన మందు అది, చాలావాటిలో భాస్వరం కూడా కలిపి ఉంటుంది. మీ తాబేలుకు ఇప్పటికే భాస్వరం ఎక్కువై ఉంది.

ఫోటోలు చూశాక నాకు కొంత ఊపిరి వచ్చింది. అది నక్షత్ర తాబేలు కాదు. శ్రీకూర్మం గుడిలో మీరు రోజూ చూసేవి నక్షత్ర తాబేళ్లు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కలా విచ్చుకుని ఉంటాయి. మీదానికి డిప్పంతా ఇసుక రంగే, వెనక తొడల మీద ముళ్లలాంటి మొటిమలున్నాయి. అది ఆఫ్రికాకు చెందిన సల్కాటా తాబేలు. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, నక్షత్ర తాబేలునైనా, చెరువుల్లో దొరికే మన తాబేళ్లనైనా ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దొరికిందనో, ఇంటికి కలిసొస్తుందనో తెచ్చి పెట్టుకున్నవాళ్లు అటవీశాఖకు అప్పగించాలి. సల్కాటాను పెంచుకోవచ్చు గానీ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, చనిపోయినా ఆ వివరం కూడా ఎక్కించాలి. మీ అల్లుడుగారు చేయించారో లేదో ఫోనులో కనుక్కుని ఆ కాగితం మీ దగ్గర పెట్టుకోండి. ఏదైనా కష్టమై వదిలించుకోవాలనిపించినా వంశధార గట్టున మాత్రం వదలకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం తాబేలు డిప్పను కొబ్బరిచిప్పలా పైనున్న పెంకు అనుకుంటాం. అది ఎముక. వెన్నెముక, పక్కటెముకలు చదునై, ఒకదానికొకటి అతుక్కుని ఆ గూడు తయారవుతుంది. పైన కనిపించే పలకలు మన గోళ్లలాంటి పదార్థం. ఆ పలకల కింద రక్తం పారుతుంది, నరాలుంటాయి. డిప్ప మీద మెల్లగా గీరి చూడండి, దానికి తెలుస్తుంది. కాబట్టి డిప్ప మెత్తబడిందంటే పెంకు నానిందని కాదు, ఎముక కరుగుతోందని అర్థం. ఏడాది లోపు పిల్లకు డిప్ప కాస్త లొంగడం మామూలే. మూడేళ్ల తాబేలుకు అది జబ్బే. ఎంత పైపూత రాసినా ఎముకకు బలం రాదు.

ఎముక ఎందుకు కరుగుతోందంటే, తిండిలో కాల్షియం చాలడం లేదు, ఉన్న కొద్దిపాటిదీ ఒంటికి పట్టడం లేదు. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడితేనే తయారవుతుంది. మీ తాబేలు ఏడాదిగా గదిలోనే ఉంది. కిటికీలోంచి ఎండ వస్తోంది కదా అని మీరు అనుకోవచ్చు గానీ, గాజు పలక ఆ కిరణాలను లోపలికి రానివ్వదు. వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, కావలసింది మాత్రం బయటే ఆగిపోతుంది. ట్యూబ్‌లైటుతోనూ, ఎల్ఈడీ బల్బుతోనూ ఆ పని జరగదు.

మనకు ఎండకు కొదవ లేదు. రేపట్నుంచే పెరట్లో గానీ కళ్లంలో గానీ నాలుగు వరుసల ఇటుకలు పేర్చి చిన్న ఆవరణ కట్టండి. పైన వల కప్పండి, కుక్కలూ కాకులూ ఊరుకోవు. చలికాలంలో తొమ్మిది నుంచి పదకొండు దాకా, ఎండాకాలంలో ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా అందులో తిరగనివ్వండి. కానీ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి: ఆవరణలో సగం నీడ ఉండి తీరాలి, తాగడానికి పళ్లెంలో నీళ్లుండాలి. తాబేలుకు చెమట పట్టదు. ఎండ ఎక్కువైతే నీడకు నడిచి వెళ్లడం ఒక్కటే దానికి దారి. ప్లాస్టిక్ టబ్బులో పెట్టి డాబా మీద ఎండలో ఉంచి, పని మీద వెళ్లి మర్చిపోయిన ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. గంటన్నర మాత్రమే ఉంచామన్నారు. నోట్లో నురగతో తెచ్చారు, నేను ఏమీ చేయలేకపోయాను. ఆ ఇంటి పాప ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. ఎండలో ఉన్నంతసేపూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండండి.

ముసురు పట్టిన రోజుల్లో, తుపాను రోజుల్లో బయటకు తీసుకెళ్లలేరు కదా. అప్పటికి ఆ అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు కావాలి. సరీసృపాల కోసమే అమ్ముతారు, విశాఖలోని పెంపుడు జంతువుల దుకాణాల్లో అడగండి. డిప్పకు అడుగున్నర ఎత్తులో, మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డం లేకుండా బిగించాలి. పెట్టె మీద రాసిన దూరం ఒకసారి చూసుకోండి. వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి దాని కిరణాల శక్తి తగ్గిపోతుంది, మార్చేయాలి. ఒక మూల వేడినిచ్చే బల్బు పెట్టి, దాని కింద 35 డిగ్రీలు దాటేలా, గది రెండో చివర 27, 28 డిగ్రీల దగ్గర ఉండేలా చూడండి. రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి. సంక్రాంతి ముందు రోజుల్లో మన దగ్గరా రాత్రుళ్లు బాగా చలి వేస్తుంది. సల్కాటా చలికి నిద్రపోయే జాతి కాదు, జలుబు చేసి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. ఆ రోజుల్లో గోనెసంచి పరిచిన చెక్కపెట్టెలో పడుకోబెట్టండి.

తిండి దగ్గరకు వద్దాం. అన్నం ఈరోజే ఆపేయండి. అన్నంలో కాల్షియం దాదాపు లేదు, భాస్వరం ఉంది. తాబేలు మేతలో భాస్వరం ఒక పాలుంటే కాల్షియం కనీసం రెండు పాళ్లుండాలి. పాలకూర పచ్చగా ఉందని మంచిదనుకుంటాం గానీ, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని పేడలోకి తీసుకుపోతాయి. తోటకూరదీ అదే తీరు. టమాటా, అరటిపండు తీపికి ఇష్టంగా తింటుంది, కానీ పొట్ట పాడవుతుంది. మీ గేదెకు పొట్టలో మేత పులిసినట్టే దీనికి పెద్దపేగులో పులుస్తుంది. గేదెకు ఒక్కసారిగా బియ్యం పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సల్కాటా గడ్డి మేసే జంతువు. సహారాకు దక్షిణంగా ఉన్న గడ్డినేలల్లో పుట్టింది. మీ గట్ల మీద మొలిచే గరిక దీనికి అమృతం. రోజూ మేతలో ముప్పాతిక వంతు గరికే వేయండి. గేదెలకు కోసే నేపియర్‌లో లేత ఆకులు సన్నగా తరిగి అప్పుడప్పుడు కలపవచ్చు. మిగతా పావు వంతుకు మునగాకు, మందారం ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, ముళ్లు గీసేసిన నాగజెముడు మట్టలు. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది, వారానికి రెండు మూడు సార్లు గుప్పెడు వేయండి. పురుగుమందు కొట్టిన గట్టు మీది గడ్డి మాత్రం కోయకండి. గన్నేరు దరిదాపుల్లో ఉండకూడదు. అన్నానికి అలవాటుపడింది కాబట్టి మొదట మొరాయిస్తుంది. గరికను వేలెడు ముక్కలుగా తరిగి, నాలుగైదు మందారపు రేకులు చిదిమి కలిపితే ఆ ఎరుపుకు మూతి పెడుతుంది. రెండు మూడు వారాల ఓపిక కావాలి.

కాల్షియానికి సీసాలు కొనక్కర్లేదు. మీకు సముద్రం పక్కనే ఉంది. కళింగపట్నం వైపు ఒడ్డున తెల్లగా, తేలిగ్గా, పడవ ఆకారంలో కొట్టుకొచ్చే సముద్రపు నురగ చూసే ఉంటారు. పేరుకు నురగే గానీ, అది కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి చిప్ప. గోరుతో గీస్తే ముగ్గుపిండిలా పొడి రాలుతుంది. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి ఒక ముక్క ఆవరణలో పడేయండి. తనకు కావలసినప్పుడు తానే కొరుక్కుంటుంది, పక్షి ముక్కులాంటి దాని నోటి అంచు కూడా అరుగుతుంది.

గోపురాల్లా లేచిన పలకల గురించి. దీన్ని పిరమిడింగ్ అంటారు. మాంసకృత్తులు ఎక్కువైతే వస్తుందని ఒకప్పుడు అనుకునేవాళ్లం. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు సల్కాటా పిల్లల మీదే చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, గాలిలో తేమ తక్కువ కావడమే దీనికి ముఖ్య కారణమని తేలింది. ఎడారి పక్క జంతువుకు తేమ ఎందుకు అంటారేమో. అక్కడ అది ఎండ పూట లోతుగా బొరియ తవ్వుకుని ఆ చల్లటి తడిమట్టిలో ఉంటుంది. మీ గదిలో టైల్స్, పైన ఫ్యాను, తవ్వడానికి పిడికెడు మన్ను లేదు. లేచిన గోపురాలు మళ్లీ అణగవు, ఆ మాట దాచను. ఇకమీద పెరిగే డిప్ప నున్నగా వచ్చేలా చూసుకోగలం.

అందుకు నేల మార్చాలి. టైల్స్ మీద కాళ్లు జారి కీళ్లు పక్కకు తిరుగుతాయి కూడా. గదిలో ఒక మూల చెక్కపలకలు అడ్డం పెట్టి, ఎర్రమట్టీ కొబ్బరి పొట్టూ సమంగా కలిపి బెత్తెడు ఎత్తున పోయండి. ఉద్దానం వైపు నుంచి కొబ్బరి పొట్టు తెప్పించుకోవడం మీకు కష్టం కాదు. వట్టి ఇసుక వద్దు, మేతతో మింగితే పేగులో అడ్డం పడుతుంది. దాక్కోవడానికి పాత కుండను సగానికి కోసి బోర్లించండి, దాని కింద మట్టి పిడికిట్లో ముద్ద కట్టేంత తడిగా, పైన పొడిగా ఉండాలి. వారానికి మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో గడ్డం తడవనంత లోతులో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. అందులోనే నీళ్లు తాగుతుంది, పేడ వేస్తుంది. ఆ నీళ్లు పారబోసి, పట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల ఒంట్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉంటుంది, చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి.

మీరు భయపడ్డ తెల్లగీతలు జబ్బు కాదు. పలక అంచున కొత్తగా పెరుగుతున్న భాగం అలాగే లేతగా కనిపిస్తుంది. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. పలక కింద నుంచి దుర్వాసన, గుంట పడటం, పలక ఊడిరావడం, పొట్టవైపు డిప్ప మీద ఎర్రటి మచ్చలు. అది డిప్ప కుళ్లు. మడ్డి తడిలో, మురికిలో ఉంచితే వస్తుంది. అలా కనిపిస్తే బెటాడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి దూదితో తుడిచి, పొడి కాగితాల మీద ఉంచి డాక్టరుకు చూపించాలి. కుక్క కరిచి డిప్ప పగిలినా అంతే, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి తీసుకెళ్లాలి. జిగురుతో అతికించకండి, లోపల చీము పట్టి ఎముకంతా తినేస్తుంది.

అమ్మగారికి నా మాటగా చెప్పండి. ఆవిడ భక్తిని నేను కాదనడం లేదు, మా అమ్మా శ్రీకూర్మం వెళ్తే తాబేళ్లకు దండం పెట్టకుండా కదలదు. కానీ నూనె రాస్తే దుమ్ము, కుంకుమ పలకల సందుల్లో ఇరుక్కుని, కింద బూజు పెరుగుతుంది. ఇప్పుడున్న నూనెను గోరువెచ్చటి నీళ్లతో, మెత్తటి టూత్‌బ్రష్‌తో రెండు మూడు విడతలుగా వదిలించండి. శనివారం శనివారం ఆవిడ చేత్తో మందారపువ్వు తినిపించమనండి. రెండు వేళ్లతో పట్టుకుని చూపిస్తే మెడ చాచి అందుకుంటుంది.

ఇవన్నీ మొదలుపెట్టమన్నానని డాక్టరును మానకండి. అంచు లొంగేదాకా వచ్చింది కాబట్టి ఎక్స్‌రే తీసి, కాల్షియం ఎంత మోతాదులో ఎన్నాళ్లివ్వాలో తేల్చాలి. మీకు గరివిడి పశువైద్య కళాశాల దూరమేమీ కాదు. ముందు ఫోన్ చేసి వెళ్లండి. కాళ్లు వణుకుతున్నా, ఒళ్లు ఎత్తి నడవలేక పొట్టతో ఈడ్చుకుంటున్నా, మూడు రోజులుగా ముట్టకపోయినా అదే రోజు బయల్దేరాలి. పొద్దున్నే, గాలి ఆడే అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. ఆ ఉదయం వేసిన పేడ చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఇప్పట్నుంచి వారానికోసారి వంటింటి త్రాసులో తూచి క్యాలెండరు మీద రాస్తుంటే ఆ అంకెలు డాక్టరుకు చాలా పనికొస్తాయి. సల్కాటా పెద్దదైతే నలభై, యాభై కిలోలు తూగుతుంది, డెబ్బై ఏళ్లకు పైగా కూడా బతుకుతుంది. గది దానికి ఈ రెండు మూడేళ్లకే. పెరట్లో దాని చోటెక్కడో, దాన్ని ఎవరు చూసుకుంటారో మీ అల్లుడుగారు సెలవుకు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకోండి.